డిస్కుకు నకలు తీసిన రోజు

ఆ రోజు గురించి నాకు నిశ్చయంగా తెలిసినవి కొన్నే. మా ల్యాబులో రక్తంలోని మందు స్థాయిని కొలిచే యంత్రం ఒకటి ఉండేది. దాన్ని నడిపించే కంప్యూటరు ఆ ఉదయం మామూలుగా తెరుచుకోలేదు. పెట్టె లోపలినుంచి, గోటితో రేకును కొడుతున్నట్టు, ఆగి ఆగి ఒక చప్పుడు వచ్చింది. ఫ్రిజ్‌లో ఒక రోగి రక్తం ఉంది. అది రెండు పరీక్షలకు మాత్రమే సరిపోతుంది. ఆ రక్తంలో మందు ఎంత ఉందో సాయంత్రంలోగా చెప్పవలసిన మనిషిని నేను. ఇవన్నీ నేను కళ్లతో చూసినవి, చెవులతో విన్నవి, చేత్తో పట్టుకున్నవి.

మిగతావి వినికిడి. రాత్రి కరెంటు ఎక్కువ తక్కువలవడంతో డిస్కు దెబ్బతిన్నదని వాచ్‌మన్ చెప్పాడు. ఆ రాత్రంతా వాచ్‌మన్ గుర్రు పెట్టి నిద్రపోయాడని కింద మందుల షాపు అతను చెప్పాడు. వైరస్ అని పక్క గదిలో ఎక్స్‌రే తీసే ఆయన తేల్చేశాడు. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీగ అసలే లేదని ఆయన చూసుకోలేదు. పాడైన డిస్కును ప్లాస్టిక్ కవరులో చుట్టి చల్లని చోట పెడితే కాసేపు బతుకుతుందని అమీర్‌పేట కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో అందరూ చెప్పుకునేవారు. అలా బతికించినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. బతికించినవాణ్ణి చూశామన్నవాళ్లు మాత్రం చాలామంది తగిలారు. డిస్కు మొత్తానికి ఇమేజ్, అంటే నకలు, తీస్తే అది మూలానికి మక్కీకి మక్కీగా ఉంటుందన్న మాట కూడా ఆనాటికి నాకు వినికిడే. ఆ సాయంత్రంలోగా ఆ వినికిడి మీద ఒక మనిషి మూత్రపిండాన్ని పెట్టవలసి వచ్చింది.

మా ల్యాబు పంజాగుట్ట చౌరస్తాకు వెనకవైపు సందులో, మొదటి అంతస్తులో ఉండేది. సాఫ్ట్‌వేర్ ఊపు మీదున్న ఏళ్లవి. అమీర్‌పేట వైపునుంచి వచ్చే బస్సుల్లో ప్రతి పిల్లవాడి చేతిలోనూ ఏదో ఒక కోర్సు కరపత్రం కనిపించేది. నేను బయోకెమిస్ట్రీ చదివి, కొన్నాళ్లు పరిశోధన చేసి, అక్కడ ఉద్యోగంలో చేరాను. పరిశోధనలో నేర్చుకున్నది ఒకటే: యంత్రం ఇచ్చిన అంకెను, ఆ యంత్రాన్ని పరీక్షించిన తర్వాతనే నమ్మాలి. ఎంత రావాలో ముందే తెలిసిన నమూనాలను రోగి రక్తంతో పాటు యంత్రంలో పెడతాం. వాటిని కంట్రోళ్లు అంటారు. అవి సరిగ్గా వస్తే రోగి అంకెను నమ్ముతాం, రాకపోతే ఆ అంకె కాగితం మీది సిరా మాత్రమే.

రోగి యూసుఫ్‌గూడలో బట్టలు కుట్టే ఆయన. కొన్ని నెలల క్రితం ఆయనకు మూత్రపిండం మార్చారు. ఇచ్చింది భార్య. శరీరం ఆ కొత్త అవయవాన్ని పరాయిదని గుర్తించి దాడి చేయకుండా ఆపే మందు ఆయన రోజూ వేసుకోవాలి. ఆ మందుతో చిక్కేమిటంటే, తక్కువైతే శరీరం మూత్రపిండాన్ని తిరస్కరిస్తుంది. ఎక్కువైతే మందే మూత్రపిండాన్ని పాడు చేస్తుంది. రెండింట్లోనూ, మూత్రపిండం వడకట్టి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఒకేలా పెరుగుతుంది. బయటికి రెండూ ఒకటే జబ్బులా కనిపిస్తాయి, వైద్యం మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకదానికి మోతాదు పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. పొరపాటున తిరగబడితే, మిగిలిన కాస్త మూత్రపిండాన్నీ మనమే చంపినట్టు.

ఆయన క్రియాటినిన్ ఆ వారం పెరిగింది. సోమాజిగూడ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఉదయం మాత్ర వేసుకోకముందు తీసిన రక్తంలోనే మందు స్థాయి చూడాలి కాబట్టి, తెల్లవారగానే రక్తం తీసి, మాత్ర ఇచ్చి, ట్యూబును భార్య చేతికిచ్చి మా దగ్గరికి పంపారు. నరాలు దొరక్క రక్తం తక్కువ వచ్చింది. మళ్లీ తీయాలంటే మర్నాటి ఉదయం దాకా ఆగాలి. ఆసుపత్రి డాక్టరు ఫోన్‌లో స్పష్టంగా చెప్పారు: "సాయంత్రం రౌండ్స్‌కి మీ నంబరు కావాలండి. దాన్నిబట్టే పెంచడమో తగ్గించడమో. రేపటిదాకా ఆపలేను."

ఆ పరీక్ష చేసే యంత్రం మాకు తెలిసినంతలో దగ్గర్లో ఇంకెక్కడా లేదు. ముంబైకి కొరియర్‌లో పంపితే జవాబు వచ్చేలోపు సాయంత్రాలు కొన్ని గడిచిపోతాయి.

ట్యూబు తెచ్చిన ఆవిడ నడివయసు మనిషి, బల్కంపేట గుడి దగ్గర పుట్టి పెరిగింది. మా ల్యాబుకు ఆమె కొత్త కాదు. వచ్చిన ప్రతిసారీ నన్ను ఒకే ప్రశ్న అడిగేది.

"మేడమ్, నాదేమంటున్నది?"

భర్త ఒంట్లో ఉన్న తన మూత్రపిండం గురించి ఆ ప్రశ్న. ఆ రోజు కూడా అడిగి, నా ముఖం చూసి, తనే జవాబు చెప్పుకుంది. "నా దగ్గరున్నన్ని దినాలు మంచిగనే పనిచేసె. ఆయన దగ్గరికి పోయినంక నఖరాలు షురూ చేసింది. అత్తగారింటికి పోయిన పిల్ల లెక్క."

నేను నవ్వలేకపోయాను. లోపలినుంచి ఆ టిక్కు టిక్కు వినిపిస్తూనే ఉంది. మూడోసారో నాలుగోసారో మీట నొక్కినప్పుడు తెర వెలిగింది, యంత్రం పేరు కనిపించింది, మళ్లీ గడ్డకట్టుకుపోయింది. కంప్యూటరు పోతే ఇంకో కంప్యూటరు పెట్టుకోవచ్చు. కానీ ఆ డిస్కులో యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాం ఉంది, దాని లైసెన్సు తాళం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా క్యాలిబ్రేషన్ ఉంది. అంటే యంత్రం చూసే వెలుతురును మందు పరిమాణంగా మార్చే లెక్క. పరీక్ష ద్రావణాల బ్యాచ్ మారినప్పుడల్లా దాన్ని మళ్లీ కట్టాలి. కొత్త లెక్క కట్టడానికి కావలసిన ద్రావణాలు అయిపోయాయి, దిగుమతి సరుకు ఇంకా రాలేదు. ఇన్‌స్టలేషన్ సీడీ కంపెనీ ఇంజనీరు దగ్గర, ఇంజనీరు చెన్నైలో. కాబట్టి ఆ రోజుకు ఆ లెక్క ప్రపంచంలో ఒక్కచోటే ఉంది. టిక్కు టిక్కుమంటున్న ఆ రేకు పెట్టెలో.

మా ల్యాబు యజమాని గుంటూరు వైపునుంచి వచ్చిన పాథాలజిస్టు. ఆయన ఫోన్ చేసి పిలిపించిన మనిషి అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సిస్టమ్స్ చూసుకునేవాడు. ముప్పై దాటిన మనిషి, జేబులో ఎప్పుడూ ఫ్లాపీలు, మాటలో ఎప్పుడూ ధీమా. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున ఒక బ్యాచ్ జావా, మధ్యాహ్నం ఒక బ్యాచ్ ఒరాకిల్, సాయంత్రం ఇంకేదో. పిల్లలు నేర్చుకుంటూ కంప్యూటర్లను చిందరవందర చేసేవారు. బ్యాచ్ మారినప్పుడల్లా ఇతను వాటన్నిటి మీదా ఒకే మాస్టర్ ఇమేజ్ కొట్టి మొదటికి తెచ్చేవాడు. 'ఇమేజ్ కొట్టడం' అతని మాటే.

వచ్చీ రాగానే చెవి పెట్టెకు ఆనించి విన్నాడు. ముఖంలో ధీమా కొంచెం తగ్గింది.

"మేడమ్, దీన్ని ఇగ ఊకె ఆన్ ఆఫ్ చేయకుండ్రి. ఎన్నిసార్లు లేస్తదో తెల్వదు. లేసినప్పుడే మొత్తం ఇమేజ్ గుంజాలె. గా ఇమేజ్‌ని కొత్త డిస్కు మీద కొడితే, మీ సిస్టం ఎట్లున్నది అట్లనే వస్తది."

"ఫైళ్లు మాత్రం తీసుకుంటే సరిపోదా? తొందరగా అవుతుంది కదా."

"ఫైళ్లు తీస్కుంటే సామాను మోసినట్టు. ప్రోగ్రాం ఏ మూలకి ఏం దాచిపెట్టుకున్నదో మనకేం ఎర్క? ఇమేజ్ అంటే ఇల్లు ఇల్లంత లేపి పక్క జాగల పెట్టుడు. గోడకున్న మేకు సుత అట్లనే ఉంటది."

"ఎన్నిసార్లు చేశారు ఇలా, చచ్చిపోతున్న డిస్కుతో?"

"మంచిగున్నయి అయితే మస్తు చేసిన," అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. భయం మాత్రం ఇంకొంచెం పెరిగింది.

రెండు డిస్కులు తెచ్చాడు. ఒకటి ఇమేజ్ ఫైలును దాచడానికి, రెండోది దాన్ని పరచడానికి. పెట్టె మూత విప్పి, తీగలు కలిపి, ఫ్లాపీతో కంప్యూటరును లేపాడు. దేని నుంచి దేనికి వెళ్తోందో తెర మీద చూపించమని అడిగాను. వేలు పెట్టి చూపించాడు. పాత డిస్కు పరిమాణం వేరు, కొత్తదాని పరిమాణం వేరు కాబట్టి, పొరపాటున తిరగబడలేదని నిర్ధారించుకోగలిగాను. మీట నొక్కాడు. నీలం తెర మీద తెల్లటి గీత ఒకటి మెల్లగా ఎడమనుంచి కదలడం మొదలైంది.

భయపడుతున్న మనిషి ఒక గీతను ఎంతసేపు చూడగలదో నాకు ఆ రోజే తెలిసింది. గీత కదిలితే ఊపిరి తీసుకునేదాన్ని, ఆగితే ఆపేదాన్ని. పక్కన కుర్చీలో ఆవిడ కూడా అదే గీతను చూస్తోంది.

"మేడమ్, గా తెల్లది అవతలి ఒడ్డుకు పోతే అయిపోయినట్టేనా?"

"ఒక సగం అయినట్టు."

సగం దాటకముందే గీత ఆగింది. టిక్కు టిక్కు గట్టిగా, వరసగా వినిపించింది. తెర మీద పెట్టె ఒకటి లేచింది: ఇక్కడ చదవడం సాధ్యం కావడం లేదు, వదిలి ముందుకు పోవాలా?

"ఇడిసిపెడదామా మేడమ్?"

"అక్కడ ఏముంది?"

"సదవనీయకుంటే ఏమున్నదో ఎట్ల తెలుస్తది?"

న్యాయమైన మాట. అక్కడ ఖాళీ జాగా ఉండవచ్చు. ఎవరో ఎప్పుడో చెరిపేసిన ఉత్తరం ఉండవచ్చు. నాకు కావలసిన లెక్కలో ఒక అంకె కూడా ఉండవచ్చు. ఆపితే డిస్కు మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. వదలండి అన్నాను. వదిలాడు. గీత కదిలింది, మళ్లీ ఆగింది, మళ్లీ వదిలాము. ఇలా కొన్నిసార్లు జరిగింది. ఎన్నిసార్లో లెక్కపెట్టి ఉండవలసింది, కానీ ఆ స్థితిలో లెక్క తప్పాను.

మధ్యాహ్నం దాటాక 'విజయవంతంగా పూర్తయింది' అని వచ్చింది. అతను చప్పట్లు కొట్టాడు.

"సక్సెస్‌ఫుల్ అని వచ్చింది మేడమ్!"

"అన్ని చోట్ల వదిలేసి కూడా అదే మాట అంటోంది కదా. దాని దృష్టిలో విజయం అంటే ఏమిటి?"

"మీరు జర ఎక్కువనే అనుమానం పడతరు మేడమ్," అన్నాడు, కోపం లేకుండానే. నేను అడిగానని ఇమేజ్ ఫైలును సరిచూసే పరీక్ష కూడా పెట్టాడు. అందులోనూ నెగ్గింది. ఆ పరీక్ష చెప్పేది ఫైలు తనలో తాను పొందికగా ఉందనే కానీ, మూలంతో సమానంగా ఉందని కాదు. ఆ తేడా అతనికి చెప్పాను. ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందువల్ల మా ఇద్దరిలో ఎవరికీ ధైర్యం రాలేదు.

మూలంతో పోల్చుకుందామని పాత డిస్కును మళ్లీ లేపబోయాము. అది టిక్కుమనలేదు. అసలు తిరగనే లేదు. చెయ్యి పెట్టి చూశాను, సన్నటి కంపనం కూడా లేదు. ఇక మిగిలింది నకలే. దాన్ని దేనితో పోల్చాలో చెప్పగల వస్తువు ఇక లేదు.

అతను కొత్త డిస్కును బిగించాడు. ఆ రోజుల్లో డిస్కు మారిస్తే కంప్యూటరు సెటప్‌లోకి వెళ్లి దాన్ని గుర్తుపట్టించాలి. అతని వేళ్లు మీటల మీద ఎంత వేగంగా ఆడాయంటే తెరలు మారడం నా కళ్లకు అందలేదు. తర్వాత ఇమేజ్‌ను పరిచాడు. ఈసారి గీత ఎక్కడా ఆగలేదు. ఫ్లాపీ తీసి మీట నొక్కితే, మా యంత్రం పేరు ఎప్పటిలాగే తెర మీదికి వచ్చింది. దేనికీ తడబడలేదు, ఏ తప్పూ చూపలేదు. ఆవిడ రెండు చేతులూ జోడించి తెరకే దండం పెట్టింది.

కంట్రోళ్లు రెండు, రోగి రక్తం ఒక భాగం కలిపి యంత్రంలో పెట్టాను. రెండు పరీక్షల రక్తంలో ఒకటి అలా ఖర్చయింది. కంట్రోళ్లను ముందు విడిగా పెట్టి ఉండవచ్చు. కానీ గడియారం సాయంత్రం వైపు నడుస్తోంది, ఎప్పుడూ కలిపి పెట్టడమే మా పద్ధతి. యంత్రంలో నమూనాల చక్రం తిరిగింది, ప్రింటరు కరకరమంది.

ఆయన మందు స్థాయి తక్కువ వైపు వచ్చింది. అంటే తిరస్కారం. అంటే మోతాదు పెంచాలి.

అదే కాగితం మీద, దానిపైన, రెండు కంట్రోళ్లూ ఉండవలసిన హద్దులకంటే కింద ఉన్నాయి.

యజమాని గదిలోంచి వచ్చారు. ఆసుపత్రినుంచి ఫోన్ ఆయన చేతిలోనే ఉంది.

"ఏంటమ్మా, వచ్చిందా?"

"వచ్చిందండీ. చెప్పలేను."

"అదేంటి, వచ్చిందంటారు, చెప్పలేనంటారు? అక్కడ ఆయన లైన్లో ఉన్నారు."

"కంట్రోళ్లు పోయాయి డాక్టరుగారూ. ఇది అంకె కాదు."

"కొంచెం అటూ ఇటూ వస్తే ఏమవుతుందమ్మా? తక్కువా ఎక్కువా అన్నదే కదా ఆయన అడిగేది. తక్కువ అని చెప్పేద్దాం, మిగతాది ఆయన చూసుకుంటారు."

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం నాకూ చెప్పేయాలనిపించింది. చెబితే నా భుజం మీది బరువు ఫోన్‌లోకి దిగిపోయేది. ఆవిడ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏ మాట విన్నదో ఏమో, మెల్లగా అడిగింది. "తక్కువనా మేడమ్? తక్కువుంటే మంచిదేనా?"

"ఇంకా తెలియదమ్మా. ఇంకొంచెం సేపు."

యజమాని ఫోన్‌లో ఇంకొంచెం సమయం అడిగారు. అడిగి, నా వైపు చూసి, "మీ ఇష్టం. కానీ చీకటి పడేలోపు ఏదో ఒకటి చెప్పాలి," అని లోపలికి వెళ్లారు.

అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది అప్పుడే. కంప్యూటరు తెరుచుకోని ఉదయం కంటే, ఏ తడబాటూ లేకుండా నడిచిన ఆ సాయంత్రమే నన్ను వణికించింది. ఆగిపోయిన యంత్రం ఎవరికీ హాని చేయదు. నడుస్తూ, శుభ్రంగా అచ్చువేస్తూ, తప్పు చెప్పే యంత్రానికి కంట్రోళ్లు తప్ప అడ్డు లేదు. మేము వదిలేసిన చోట్లలో దేనిలోనో నా లెక్క ఉండిపోయిందనే అనుకున్నాను. అనుకున్నదాన్ని పరీక్షించాలి కదా అని, పెన్ను తీసుకున్నాను.

రెండు కంట్రోళ్లూ వాటి అసలు విలువలతో భాగించాను. రెండూ దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గాయి. అక్కడ ఆగి ఆలోచించాను. డిస్కులో ముక్కలు చెడిపోతే అంకెలు పిచ్చిగా రావాలి, లేదా ప్రోగ్రాం కూలిపోవాలి. రెండు వేర్వేరు స్థాయిల దగ్గర ఒకే వంతున తగ్గడం చెడిపోయినదాని లక్షణం కాదు. చక్కగా ఉన్న లెక్కే, కానీ వేరే లెక్క. పాత బ్యాచ్ ద్రావణాలకు కట్టిన క్యాలిబ్రేషన్ అయితే అచ్చం ఇలాగే వస్తుంది. కానీ నిన్నటిదాకా కొత్తదాన్ని వాడిన ప్రోగ్రాం ఇవాళ పాతదాన్ని ఎందుకు ఎత్తుకుంటుంది?

నిష్పత్తి తప్పు వేశానేమోనని కాగితాన్ని మళ్లీ కిటికీ వెలుగులో పెట్టి, పైనుంచి ఒక్కొక్క మాటా చదివాను. కుడి మూలన తేదీ ఉంది. అది పోయిన సంవత్సరం మార్చి.

పాత కాగితం పట్టుకున్నానని అనుకున్నాను. కాదు. సిరా వేలికి అంటింది.

"ఈ తేదీ ఎవరు మార్చారు?"

అతను కాగితం చూశాడు. ముఖం తెల్లబోయింది. నుదుటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు.

"నేనే మేడమ్. సెటప్‌లకి పోయిన కద, డిస్కు చూపెట్టనీకి. చెయ్యి దానంతటదే తేదీ ఎనక్కి తిప్పింది. మా ఇన్‌స్టిట్యూట్‌ల అన్నీ ట్రయల్ సాఫ్ట్‌వేర్లే. తేదీ ముందుకు నడిస్తే బందయితయి. గందుకని ఇమేజ్ కొట్టినప్పుడల్ల పోయినేడు మార్చిల పెడత. మా దగ్గర అన్ని సిస్టమ్‌లకు ఎప్పటికీ మార్చే."

యంత్రం ప్రోగ్రాం తప్పేమీ చేయలేదు. ఆ రోజు తేదీకి చెల్లే క్యాలిబ్రేషన్‌ను వెతుక్కుంది. పోయినేడు మార్చిలో ఉన్నానని దానికి చెప్పారు. కొత్త లెక్క దానికి ఇంకా పుట్టని లెక్క. అందుకే పాతదాన్ని తీసుకుంది. అమీర్‌పేటలో కోర్సు సాగడానికి చేసే పని ఇక్కడ ఒక మనిషి మోతాదును తలకిందులు చేయబోయింది.

ఆవిడకు విషయం చెప్పవలసి వచ్చింది.

"పోయినేడు మార్చి అంటే ఆపరేషన్ ఇంక కాలేదన్నట్టు. నాది ఇంక నా దగ్గర్నే ఉన్నదన్నట్టు." అతనివైపు తిరిగింది. "ఓ అన్నా, మా ఆయనకు సుత గట్లనే తేదీ తిప్పరాదూ? రోగం రాకముందుకు తిప్పు. దండం పెడత."

అతను తల ఎత్తలేదు. "తప్పయింది అక్కా," అన్నాడు.

తేదీ సరిచేయించాను. అతను చేశాక గోడ క్యాలెండరుతో పోల్చాను, తర్వాత నా చేతి గడియారంతో, తర్వాత కింద మందుల షాపులో ఆ రోజు బిల్లుతో. నవ్వుకుంటే నవ్వుకోండి. ఈసారి కంట్రోళ్లను మాత్రమే పెట్టాను. ఫ్రిజ్‌లో ట్యూబు అడుగున ఒక్క పరీక్షకు సరిపడా ఉంది, దాన్ని ముట్టుకోలేదు. చక్రం తిరుగుతున్నంతసేపూ నేను తెరవైపు చూడలేదు, సందులో ఆటోల చప్పుడు వింటూ నిలబడ్డాను. రెండు కంట్రోళ్లూ హద్దుల్లోకి వచ్చాయి.

అప్పుడు ఆఖరి రక్తం తీశాను. రక్తాన్ని కొలిచి పీల్చే పిపెట్ మొనలో గాలి బుడగ వస్తే అంతా అయిపోయినట్టే. మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి రక్తాన్ని వదిలాను. బుడగ రాలేదు.

ఎక్కువ వచ్చింది. ఉండవలసినదానికంటే బాగా ఎక్కువ. అంటే తిరస్కారం కాదు, మందే మూత్రపిండాన్ని దెబ్బతీస్తోందన్నమాట. మొదటి కాగితాన్ని నమ్మి ఉంటే, ఆ ఎక్కువ మీద ఇంకా ఎక్కువ పోసేవారు.

ఫోన్‌లో అంకె చెప్పాను. దానితోపాటు కంట్రోళ్లు ఎంత వచ్చాయో, డిస్కు మారిన సంగతి, కొన్ని చోట్లు చదవలేకపోయిన సంగతి కూడా చెప్పాను. ఆసుపత్రి డాక్టరు ఓపికగా విని, "మీరు అయితే దీన్ని నమ్ముతారా?" అని అడిగారు. "ఇప్పటికి ఇంతకంటే నమ్మదగినది నా దగ్గర లేదు," అన్నాను. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, తగ్గిస్తానన్నారు. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జాకెట్టులో దాచుకుని, మెట్లు దిగి బస్సుకోసం దాదాపు పరిగెత్తింది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేయడానికి కూడా ధైర్యం చాలలేదు. ఆ వారాంతంలో క్రియాటినిన్ దిగడం మొదలైంది. తర్వాత నెమ్మదిగా మామూలు స్థితికి చేరింది. ఆవిడ ఒకరోజు రెండు బూందీ పొట్లాలతో వచ్చి, ఒకటి నాకిచ్చి, ఒకటి ఆ యంత్రం మీద పెట్టింది. "నిజం చెప్పింది మీ మిషన్," అన్నది. బూందీ తీసుకున్నాను. ఆ మాటకు మాత్రం ఔననలేకపోయాను.

ఎందుకంటే ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఇంకొకటి కూడా జరిగింది, అది నాకు తర్వాత తెలిసింది. నడుము నొప్పికి ఆయన మందుల షాపులో కొనుక్కుని, ఎవరికీ చెప్పకుండా కొంతకాలంగా ఒక మాత్ర వేసుకుంటున్నాడు. భార్యే ఆయన చొక్కా జేబులో చూసి నర్సుకు చూపించింది. దాన్ని వెంటనే ఆపించారు. ఆ రకం నొప్పి మాత్రలు తమంతట తామే మూత్రపిండాలను దెబ్బతీయగలవు. అంటే ఒకే సాయంత్రం రెండు మార్పులు జరిగాయి: నా అంకె చూసి మోతాదు తగ్గించారు, ఆ మాత్ర ఆపారు. మూత్రపిండం కోలుకున్నది వాటిలో దేనివల్ల? నా అంకె నిజమా, లేక కంట్రోళ్లకు చిక్కని చోట ఎక్కడో ఒక చదవలేని ముక్క దాన్ని పెంచి చూపిందా?

నాకు తెలియదు. ఆ ఉదయం రక్తం చివరి బొట్టుదాకా అయిపోయింది. కొత్త క్యాలిబ్రేషన్ ద్రావణాలు వచ్చేసరికి వాటితో పాటు కొత్త బ్యాచ్ పరీక్ష ద్రావణాలే వచ్చాయి కాబట్టి, పాత లెక్కను కొత్తదానితో పోల్చే వీలు లేకపోయింది. ఆలోపు ఆయన మోతాదు రెండుసార్లు మారింది. ఖచ్చితంగా తెలుసుకునే మార్గం ఒక్కటే మిగిలింది: ఆ నొప్పి మాత్ర మళ్లీ మొదలుపెట్టి, మోతాదు మళ్లీ పెంచి, ఒక్కొక్కటిగా ఆపి చూడడం. ఆవిడ మూత్రపిండం మీద ఆ ప్రయోగం ఎవరూ చేయరు. చేయమని నేనూ అడగను.